అప్‌డేట్: డెర్బీషైర్ ఓడ ఎందుకు మునిగిందో తెలిసింది

తమ్ముడు ఇనుప ఖనిజం మోసే బల్క్ క్యారియర్‌లో చేరబోతున్నాడని, 1980లో 44 మందితో మునిగిన డెర్బీషైర్ గురించి విని అవ్వ, బాపు టెన్షన్ పడుతున్నారని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"విచారణ రిపోర్టు చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. హన్మకొండలో ఉండే ఒక రిటైర్డ్ చీఫ్ ఇంజినీర్ గారు దాన్ని విడమరిచి చెప్పారు. 294 మీటర్ల ఆ ఓడ ఒకినావా దగ్గర తుపానులో చిక్కింది. అలలు ముందు డెక్ మీది గాలి గొట్టాలను విరగ్గొట్టాయి. ఆ చిన్న సందుల్లోంచి గంటల తరబడి నీళ్లు దిగి ఓడ ముందు భాగం కుంగింది. అప్పుడు అలల బరువంతా ఒకటో హోల్డు (సరుకు నింపే గది) మూత మీద పడి అది కూలింది. ఆ తర్వాత పక్క హోల్డులు. నాలుగు కిలోమీటర్ల లోతులో తీసిన లక్షకు పైగా ఫోటోలే దీనికి ఆధారం.

మనం ఎక్కువగా చర్చించిన ఫ్రేమ్ 65 (ఓడ నిర్మాణంలో ఒక చోటు) దగ్గరి పగులు కారణం కాదు. ఖనిజం తడిసి బురదలా మారడం వేరే ఓడల్లో నిజమైన ప్రమాదమే కానీ, ఇక్కడ కాదు. ముందు భాగంలోని స్టోర్ మూత బిగించలేదని సిబ్బంది మీద వేసిన నిందను 2000 నాటి విచారణ కొట్టేసింది. ఆ కుటుంబాలు ఇరవై ఏళ్లు పోరాడితేనే ఈ మాట వచ్చింది.

2004 నుంచి బల్క్ క్యారియర్ హోల్డుల్లో నీటిమట్టం అలారాలు తప్పనిసరి. తమ్ముడు డ్యూటీలో చేరి ఆ ప్యానెల్ ఫోటో పంపాడు, బాపుకు చూపించాను.