‘ఓన్లీ’ అంటే ఎప్పుడూ ‘మాత్రమే’నా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక సంస్థలో బిల్లులు, లెక్కలు సరిచూసే పనిలో ఉన్నాను. కిందటి నెల విదేశంలో ఉండే మా పై అధికారికి మెయిల్ రాస్తూ, ఆ ఫైలును మరెవరికీ ఇవ్వకుండా నేనే సరిచూశానని చెప్పదలచి, ‘ఐ ఓన్లీ చెక్డ్ ద ఫైల్’ అని రాశాను. నేను ఫైలును చూసి ఊరుకున్నానే తప్ప తప్పులు దిద్దలేదని ఆయన అర్థం చేసుకుని, అదే పనిని మళ్ళీ ఇంకొకరికి అప్పగించారు. రెండు రోజుల శ్రమ వృథా అయినందుకంటే, ఆ ఒక్క వాక్యంలో తప్పెక్కడుందో నాకే తెలియనందుకు ఎక్కువ బాధపడ్డాను.

‘ఓన్లీ’ అంటే ‘మాత్రమే’ అనీ, ‘నేనే’, ‘నిన్ననే’, ‘ఇక్కడే’ అన్నప్పుడు చివర వినిపించే ‘ఏ’ అనీ చిన్నప్పుడు నేర్చుకున్నాను. ‘హీ ఈజ్ హియర్ ఓన్లీ’ అని మా ఆఫీసులో రోజూ అంటాం, అందరికీ అర్థమవుతుంది. ఈ మాట వాడుక గురించి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

నేను డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి విరమించాను. ఈ పొరపాటును ఎన్ని జవాబు పత్రాల్లో దిద్దానో లెక్క లేదు. దీని మూలం ఇంగ్లీషులో కంటే మన తెలుగులోనే ఉందని నా అభిప్రాయం.

మన ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. ‘ఆ గది తాళం అమ్మ దగ్గరే ఉంటుంది’ అంటే ఇంకెవరి దగ్గరా ఉండదని అర్థం, అంటే తక్కినవారిని పక్కన పెడుతున్నాం. ‘ఆయన ఇక్కడే ఉన్నారు’ అన్నప్పుడు మిగతా చోట్లన్నింటినీ కొట్టివేయడం మన ఉద్దేశం కాదు, వెతుకుతున్న మనిషి ఎక్కడికీ పోలేదని నొక్కి చెబుతున్నాం. ఇంగ్లీషు ‘ఓన్లీ’కి ఈ రెండింటిలో మొదటి పని అప్పగించవచ్చు గానీ రెండోది అప్పగించకూడదు. నొక్కి చెప్పడానికి ఆ భాషలో గొంతు ఒత్తు ఉంది, ‘మైసెల్ఫ్’ ఉంది, ‘రైట్ హియర్’ ఉంది, ‘ఆ రోజే’ అనడానికి ‘దట్ వెరీ డే’ ఉంది. మీరు ‘ఐ చెక్డ్ ద ఫైల్ మైసెల్ఫ్’ అని రాసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

రెండో చిక్కు స్థానానికి సంబంధించినది. తెలుగులో ‘ఏ’ ఏ మాటకు వర్తించాలో ఆ మాటకే అతుక్కుంటుంది కాబట్టి ‘నేనే నిన్న రవిని చూశాను’, ‘నేను నిన్ననే రవిని చూశాను’, ‘నేను నిన్న రవినే చూశాను’ అన్న మూడు వాక్యాల మధ్య ఎవరికీ సందేహం రాదు. ‘ఓన్లీ’ అలా అతుక్కోదు, విడిగా నిలబడుతుంది. క్రియకు ముందు ఉంటే సాధారణంగా ఆ క్రియను గానీ, దాని తర్వాత వచ్చే మాటల్లో ఒకదాన్ని గానీ పట్టుకుంటుంది, వెనక్కి తిరిగి ‘ఐ’ని పట్టుకోదు. అందుకే మీ వాక్యానికి ‘సరిచూడటం మాత్రమే చేశాను’ అన్న అర్థం వచ్చింది. ‘నేను తప్ప ఇంకెవరూ చూడలేదు’ అనాలంటే ‘ఓన్లీ ఐ చెక్డ్ ద ఫైల్’ అనాలి.

ఈ మాట పుట్టుక కూడా తెలుసుకోదగినది. పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే అర్థమున్న ‘ఆన్’కు ‘వంటి’ అనే అర్థమున్న ‘లీచ్’ చేరి ఇది ఏర్పడింది. మనం ‘ఒక్క సీత వచ్చింది’ అన్నప్పుడు ‘ఒక్క’ చేసే పని సరిగ్గా అదే.

రెండో జవాబు

మాస్టారు చెప్పినదానికి అనువాదాలు చేసే మనిషిగా కొంత కలుపుతాను. ‘ఓన్లీ’ కనబడిన ప్రతిచోటా ‘మాత్రమే’ వేసుకుంటూ పోతే తెలుగు వాక్యం బిగుసుకుపోతుంది. ‘ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్’ అన్నదాన్ని ‘అప్పుడు మాత్రమే నాకు అర్థమైంది’ అని రాసినవి ఎన్నో చూశాను. మన ఇళ్ళలో అలా ఎవరంటారు? ‘అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు’ అంటాం. అక్కడ ‘డిడ్’ ముందుకు రావడం ఇంగ్లీషు పద్ధతి, ‘గానీ’ పెట్టి క్రియను వ్యతిరేకంలోకి తిప్పడం మన పద్ధతి. ‘హీ విల్ కమ్ ఓన్లీ ఆన్ మండే’ కూడా అంతే, ‘సోమవారం గానీ రాడు’.

నాకు బాగా నచ్చే ప్రయోగం ఇంకొకటి ఉంది. ‘హీ వెంట్ ఆల్ ద వే, ఓన్లీ టు ఫైండ్ ద డోర్ లాక్డ్’ అన్న వాక్యం ముందు చాలాసేపు కూర్చున్నాను. ‘మాత్రమే’ ఎక్కడా ఇమడలేదు. మా అత్తయ్య ఫోనులో ఎవరితోనో ‘తీరా వెళ్ళి చూస్తే తలుపుకి తాళం’ అనడం వినబడింది, నా వాక్యం దొరికింది. ‘ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ హావ్ వర్క్’ అన్నప్పుడు అది ‘వచ్చేదాన్నే, కాకపోతే పని ఉంది’ అవుతుంది. ‘ఓన్లీ సన్’ ఒక్కగానొక్క కొడుకు. ‘ఓన్లీ ఇఫ్ హీ కమ్స్’ అంటే ‘ఆయన వస్తేనే’, మాటలు తిరగేసి ‘ఇఫ్ ఓన్లీ హీ హాడ్ కమ్’ అంటే ‘ఆయన వచ్చి ఉంటే ఎంత బాగుండేది’. మొదటిది షరతు, రెండోది తీరని కోరిక.

మూడో జవాబు

‘హియర్ ఓన్లీ’ని తప్పు అని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. హిందీవారికి ‘హీ’, తమిళులకు ‘తాన్’, కన్నడిగులకు మనలాగే ‘ఏ’ ఉన్నాయి కాబట్టి ఈ ప్రయోగం మన దేశపు ఇంగ్లీషులో వేళ్ళూనుకుంది. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. ఒప్పందాల్లో, విదేశాలకు రాసే ఉత్తరాల్లో మాత్రం వదిలేయాలని ఒప్పుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, ఒక సందేహం మిగిలింది. ‘ఐ ఓన్లీ హావ్ టెన్ రుపీస్’ అని ఇంగ్లీషువాళ్ళే అంటారు. అక్కడ ‘ఓన్లీ’ పది రూపాయలకు దూరంగా ఉంది కదా, అది తప్పు కాదా? చెక్కు మీద అంకె తర్వాత రాసే ‘ఓన్లీ’ సంగతి కూడా చెప్పగలరు.

మొదటి జవాబు ఇచ్చినవారు

తప్పు కాదు. రాబర్ట్ లౌత్ అనే వ్యాకర్త 1762లోనే ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’ అనకూడదనీ, ‘ఐ స్పేక్ ఓన్లీ త్రీ వర్డ్స్’ అనాలనీ అన్నాడు. అయినా జనం క్రియకు ముందు పెట్టడం మానలేదు, ఎందుకంటే మాట్లాడేటప్పుడు ‘త్రీ’ మీద పడే ఒత్తు అర్థాన్ని నిలబెడుతుంది. రాతలో ఆ ఒత్తు వినబడదు. కాబట్టి మీరు రాసేటప్పుడు దాన్ని సంబంధించిన మాటకు ఆనించి ముందు పెట్టండి. చెక్కు మీద అది మొత్తం తర్వాతే వస్తుంది, మన రసీదుల్లో ‘అయిదు వందల రూపాయలు మాత్రమే’ అని రాసినట్టు. ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ చేర్చకుండా అడ్డు వేయడం దాని పని.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు ఇలా రాశాను: ‘ఐ చెక్డ్ ఆల్ ద బిల్స్ మైసెల్ఫ్. ఓన్లీ టూ ఆర్ పెండింగ్.’ సరిపోయిందా మాస్టారూ?

మొదటి జవాబు ఇచ్చినవారు

సరిపోయింది. పంపించండి.