వరి కోసిన మాగాణి బేస్: నెర్రెలు, బోదెలో నీళ్లు ఎలా చేస్తున్నారు?

పొలంగట్టు తెనాలి
అందరికీ నమస్తే. 75 మిల్లీమీటర్ల రైతు బొమ్మ ఒకటి రంగులు వేయడం పూర్తయింది. తలపాగా, భుజాన పార, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె. ఇప్పుడు కింద బేస్ కావాలి. నా మనసులో ఉన్నది వరి కోసేసిన మాగాణి, నల్లరేగడి నెర్రెలిచ్చి ఉండాలి, మధ్యలో వరి మోళ్లు, ఒక పక్క పంట బోదె, దాని అడుగున కాస్త బురద నీళ్లు. దిమ్మ 8 సెంటీమీటర్ల టేకు ముక్క. మీరంతా నెర్రెలు దేనితో చేస్తున్నారు? నీళ్లలా కనబడటానికి పోసే రెజిన్ మన ఉక్కలో జిగట మిగలకుండా ఆరుతుందా? గుంటూరులోగానీ బెజవాడలోగానీ స్టాటిక్ గ్రాస్ (మోడల్స్‌లో గడ్డిగా నిలబెట్టే నైలాన్ పోగులు) చేత్తో చూసి కొనుక్కునే చోటు ఉందా?

బ్రాడీపేట బ్రష్
నెర్రెల సంగతి తర్వాత, ముందు ఇసుక విషయం చెప్పాలి. ఇక్కడ పెట్టే ఫొటోల్లో సగం బేసులు పాడయ్యేది ఇసుక వల్లే. కృష్ణ ఇసుక అలాగే తెచ్చి ఫెవికాల్ మీద చల్లేస్తారు. 28 మి.మీ. సైనికుడి పక్కన 2 మి.మీ. గులకరాయి అంటే అది నిజంలో కొబ్బరికాయంత బండ. టీ వడకట్టే జల్లెడలో పోసి, కిందపడ్డ సన్నటి పొడి వేరు, పైన మిగిలింది వేరు డబ్బాల్లో పెట్టుకోండి. సన్నది ముందు, గరుకుది అక్కడక్కడ. సూర్యలంక నుంచి తెచ్చిన సముద్రపు ఇసుకైతే మంచినీళ్లలో బాగా కడిగి ఎండబెట్టాకే వాడాలి, ఉప్పు ఉంటే కొన్నాళ్లకి రంగు మీద తెల్లగా పొడి తేలుతుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

రేగడి బిడ్డ
ఆయన అడిగింది మాగాణి అన్నా, అందులో ఇసుక ఎక్కడుంటుంది?

పొలంగట్టు గారూ, నిజం రేగడే వాడండి. డబ్బాలో వచ్చే క్రాక్ పేస్టులకి డబ్బు పోయొద్దు. నీళ్లు తాగితే ఉబ్బడం, ఎండితే కుదించుకుపోవడం మన రేగడి పుట్టుకతో వచ్చిన గుణం, అది మీ దిమ్మ మీద కూడా అదే పని చేస్తుంది. మట్టి ఎండబెట్టి, దంచి, వేళ్లూ చెత్తా పోయేలా పల్చటి గుడ్డలో జల్లించండి. నీళ్లతో గరిటజారుగా కలిపి పరవండి. పొర మందం బట్టే నెర్రెల మధ్య మిగిలే బిళ్లల సైజు వస్తుంది, పల్చగా రాస్తే చిన్న బిళ్లలు, మందంగా రాస్తే పెద్దవి. 75 మి.మీ. బొమ్మ అంటే సుమారు 1/24 స్కేలు, కాబట్టి సెంటీమీటరు బిళ్ల మన చేలో జానెడు పైన పెళ్లతో సమానం. 4, 5 మి.మీ. మందం సరిపోతుంది. ఫ్యాను కింద పెట్టొద్దు, ఎండలో అసలు పెట్టొద్దు, పైపొర ముందే ఎండి అంచులు పైకి లేస్తాయి. నీడలో వదిలేయండి.

మోడల్ మాస్టర్ బెజవాడ
నేను 1998 నుంచి ఆర్కిటెక్చర్ మోడల్స్ చేస్తున్నాను. అపార్టుమెంట్లు, లేఔట్లు, గుళ్లు, ఒక డ్యామ్ కూడా. బేస్ మీద నిజం మట్టి వాడొద్దని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెబుతాను. బూజు పడుతుంది, రాలిపోతుంది, పురుగు వస్తుంది. పద్ధతిగా చెయ్యాలంటే వాల్ పుట్టీలో ఫెవికాల్ కలిపి పరిచి, సగం ఆరాక బ్లేడుతో నెర్రెలు గీయండి. నల్ల ప్రైమర్, గ్రే డ్రైబ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన తోమడం), చివర్న వైట్ డ్రైబ్రష్. పని అయిపోయింది.

రేగడి బిడ్డ
బ్లేడుతో గీసిన నెర్రె ఎక్కడ చూసినా బ్లేడు గీతలాగే కనబడుతుంది మాస్టారూ. నిజం నెర్రె ఇంకో నెర్రెని కలిసే చోట చాలాసార్లు అడ్డంగా, మూల మట్టంగా కలుస్తుంది, ఎందుకంటే ముందు పగిలిన పెద్ద నెర్రె దగ్గర లాగుడు అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. అది చేత్తో గీసి తెప్పించండి చూద్దాం. బూజు అంటారా, ఎండిన మట్టికి గట్టిపరిచే సీలర్ పట్టించాక తడే లేని చోట బూజు ఎలా పుడుతుంది?

ఇక వైట్ డ్రైబ్రష్ మాట. దయచేసి ఎవరూ చెయ్యకండి. ఎండిన రేగడి నలుపు కాదు, బూడిదలో గోధుమ కలిసిన రంగు. తెలుపు తోమితే సిమెంటు రోడ్డు అవుతుంది.

మోడల్ మాస్టర్ బెజవాడ
పొలం నువ్వు ఒక్కడివే చూసినట్టు మాట్లాడకు తమ్ముడూ. మాది కంకిపాడు పక్కన, మాకూ మాగాణి ఉంది. షోకేసులో లైటు కింద పెట్టినప్పుడు కాంట్రాస్టు లేకపోతే మూడడుగుల దూరం నుంచి నల్ల ముద్ద తప్ప ఏమీ కనబడదు. నిజం రంగు వేరు, నిజంలా కనబడే రంగు వేరు. ఇది పనిలో తేలిన సంగతి, వాదనతో తేలేది కాదు.

బ్రాడీపేట బ్రష్
కాంట్రాస్టు విషయంలో మాస్టారు చెప్పింది కరెక్టే, తెలుపు విషయంలో రేగడి బిడ్డ చెప్పింది కరెక్టు. నలుపులో రా అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి అడుగు రంగు, దానిమీద ఖాకీ, ఆఖర్న బఫ్ అనే లేత గోధుమ రంగు చాలా తక్కువగా, బిళ్లల అంచులకి మాత్రమే. నెర్రెల్లోకి పల్చటి నలుపు వాష్.

రాలిపోకుండా ఉండాలంటే ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పైనుంచి పోసేయండి, సోప్ వల్ల లోపలికి ఇంకుతుంది.

రేగడి బిడ్డ
బ్రష్ అన్నా, అది ఇసుకకి! రేగడి మీద నీళ్ల ఫెవికాల్ పోస్తే మట్టి మళ్లీ ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి. మట్టిలో ముందే కలిపినా లాభం లేదు, ఫెవికాల్ సాగుతుంది కాబట్టి మట్టి పగలదు. ఫెవికాల్ ఉండాల్సింది కింద, చెక్క మీద. చెక్కని ఉప్పుకాగితంతో గరుకు చేసి ఒక పూత వేసి, అది ఆరకముందే మట్టి పరవాలి. అలా పట్టు ఉంటే మట్టి జరగలేక నిలువునా పగులుతుంది, పట్టు లేకపోతే నాలుగు పెంకులై ఊడి వస్తుంది.

గట్టిపరచడానికి నీళ్లు లేనిదే కావాలి. వడ్రంగులు వాడే శాండింగ్ సీలర్‌లో థిన్నర్ బాగా కలిపి డ్రాపర్‌తో చుక్క చుక్క వదలండి, మట్టి పీల్చేస్తుంది. థిన్నర్ పడితే థర్మోకోల్ కరుగుతుంది, ప్లాస్టిక్ బొమ్మ కాళ్లు కూడా మెత్తబడతాయి, అందుకే బొమ్మని ఆఖర్న ఎక్కించాలి. కిటికీలు తీసి, మాస్కు పెట్టుకుని చెయ్యండి.

కొలువు ఇల్లు
మీ గొడవ మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి బాబూ. మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ బొమ్మల కొలువు పెడతాం, కొండపల్లి బొమ్మలకి నేనే ఊరు కడతాను, చెరువు, కొండ, బావి. నేను వాడేది కొండపల్లి వాళ్ల పద్ధతే. వాళ్లు పొణికి చెక్క ముక్కల్ని అతకడానికి, నున్నగా దిద్దడానికి రంపపు పొట్టులో చింతగింజల పిండి జిగురు కలిపిన మక్కు వాడతారు. అది గట్లకి, కొండలకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, వేలితో ఎలా నొక్కితే అలా ఉంటుంది, ఆరాక తేలిగ్గా ఉంటుంది, రంగు పీల్చుకుంటుంది. ఆ పుట్టీ కంటే నాకు ఇదే నచ్చింది. పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలుపుతాను, పుస్తకాల బైండింగు వాళ్లు మైదా బంకలో వేసినట్టే. పిల్లల చేతికి అందనివ్వకూడదు, అది విషం.

చెరువుకి అద్దం ముక్క పెట్టేవాళ్లం, ఇప్పుడు పిల్లలు అద్దం వద్దు రెజిన్ కావాలంటున్నారు. అదెలా పోస్తారో ఎవరైనా చెప్పండి.

హెచ్‌ఓ రైలు
అమ్మా, రెజిన్ జోలికి వెళ్లేముందు నా మాట వినండి. నేను 1/87 స్కేల్లో ఒక రైలు లేఔట్ కడుతున్నాను, కాలువ మీద గర్డర్ బ్రిడ్జి. వానాకాలంలో పోసిన ఎపాక్సీ రెజిన్ పైన మైనంలాంటి పొర కట్టింది, వేలికి అంటుకుంటుంది. కారణం గాలిలో తేమ. అమ్మిన ఆన్‌లైన్ షాపు వాడికి ఫోన్ చేస్తే నేనే సరిగ్గా కలపలేదని వాదించాడు, డబ్బాలో కాగితం కూడా పెట్టలేదు, రెజిన్, హార్డెనర్ రెండు భాగాలు తూకం ప్రకారమా కొలత ప్రకారమా అని ఎక్కడా రాయలేదు. అది రాయని సరుకు కొనకండి. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది, 2, 3 మి.మీ. పొరలుగా పోయాలి. అడుగున మట్టికి సీలర్ పట్టించకపోతే అందులోంచి బుడగలు వస్తూనే ఉంటాయి. ఎండ తగిలే చోట పెడితే పసుపు తిరుగుతుంది.

బ్రాడీపేట బ్రష్
పంట బోదెకి రెజిన్ ఎందుకసలు? మన కాలవల్లో నీళ్లకి అడుగు కనబడుతుందా? మట్టి రంగు వేసి, మధ్యలో కాస్త ముదురు చేసి, మెరిసే గ్లాసీ వార్నిష్ పల్చగా పూత మీద పూత వేస్తే బురద నీళ్లు వచ్చేస్తాయి. నీటి అంచున మట్టిని ముదురు రంగు చేసి సగం మెరుపుండే సాటిన్ వార్నిష్ వేయండి, తడి మట్టి అనిపించేది అక్కడే.

మోడల్ మాస్టర్ బెజవాడ
ఒక ప్రశ్న ఎవరూ అడగట్లేదు. బోదెలో నీళ్లుంటే పక్కనే నేల ఎందుకు నెర్రెలిస్తుంది? సీనులో లాజిక్ ఉండాలి.

రేగడి బిడ్డ
కోతలయ్యాక చేలోకి నీళ్లు పెట్టరు కదా మాస్టారూ. బోదె అడుగున మిగిలిన నీళ్లు గట్టు దాటి రావు. గట్టు వారన జానెడు మేర తడిగా, నెర్రెలు లేకుండా ఉంటుంది, అవతల పగులుతుంది. దిమ్మ మీద కూడా అలాగే, బోదె వైపు మట్టి పల్చగా లాగేస్తే అక్కడ నెర్రెలు సన్నబడిపోతాయి.

మోడల్ మాస్టర్ బెజవాడ
అది ఒప్పుకుంటాను. పుట్టీ విషయం మాత్రం ఒప్పుకోను.

పొలంగట్టు తెనాలి
అందరికీ థాంక్స్. రేగడి మా చేలోదే తెస్తాను, నీళ్లకి వార్నిష్. గడ్డి సంగతి ఎవరూ చెప్పలేదు. వరి మోళ్లు కూడా.

హెచ్‌ఓ రైలు
స్టాటిక్ గ్రాస్ నేను ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తాను. మెషీన్ లేకుండా చల్లితే పడుకుంటుంది, కరెంటు చార్జి వల్లే నైలాన్ పోగులు నిలబడతాయి. మీకు కావాల్సింది గట్టు మీద నాలుగు దుబ్బులే అయితే గుంటూరు పట్నం బజారు వైపు తాళ్ల కొట్లలో గోగునార కొనండి, కత్తిరించి, చివర ఫెవికాల్‌లో ముంచి నిలబెట్టండి. ఎండిన గడ్డి రంగు దానికి ముందే ఉంది.

రేగడి బిడ్డ
మోళ్లకి కూడా ఆ నారే, లేదా పాత పెయింటు బ్రష్ కుచ్చు. మట్టి పచ్చిగా ఉండగానే గుచ్చాలి, ఎండాక గుచ్చితే బిళ్ల లేస్తుంది. నాటు 20కి 15 సెంటీమీటర్లు అనుకుంటే మీ స్కేల్లో కుదురుకీ కుదురుకీ మధ్య 8 మి.మీ. ఒక వైపు, 6 మి.మీ. ఇంకో వైపు. కొడవలితో కోసిన చేనైతే మోడు 4 మి.మీ. చాలు, మిషన్ కోతైతే ఇంకా ఎత్తు ఉంచి పైన చిందరవందరగా గడ్డి చల్లండి. మీ రైతు భుజాన ఉన్నది పార, కొడవలి కాదు కాబట్టి ఏ కోతైనా నప్పుతుంది.

మోడల్ మాస్టర్ బెజవాడ
మట్టి పరిచే ముందు టేకు అంచులకి మాస్కింగ్ టేప్ వెయ్యి. బొమ్మ అరికాల్లో ఇత్తడి తీగ దిగ్గొట్టు, దానికి సరిపడా కన్నం చెక్కలో ముందే పెట్టుకుని, మట్టి పరిచేటప్పుడు ఆ కన్నంలో అగ్గిపుల్ల నిలబెట్టు. ఎండాక డ్రిల్ చేస్తే నీ నెర్రెలన్నీ రాలతాయి.