దాళ్వా డబ్బులు పడే రోజుల్లో ఆన్‌లైన్ మోసాలు: మన డెల్టాలో ముందే ఎలా పసిగడుతున్నారు?

కాలువగట్టు (పాలకొల్లు దగ్గర పల్లె)

అందరికీ నమస్కారమండి. గత దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడుతున్న వారంలోనే మా ఊళ్లో ముగ్గురి ఫోన్లకి పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. మా పెదనాన్న కొడుకు నొక్కేశాడు. ఓటీపీలన్నీ అవతలివాడి చేతికి పోయాయి. తెల్లారేసరికి ఎరువుల కొట్టుకి కట్టాల్సిన సొమ్ము లేదు. తర్వాత పాత పేపర్లు తిరగేస్తుంటే పక్క జిల్లా ఎడిషన్లో అదే ఫైలు గురించి నాలుగు లైన్ల వార్త కనపడింది. మావాడికి రావడానికి 17 రోజుల ముందుది. ఆ 17 రోజుల్లో మా రచ్చబండ దగ్గర ఒక్కరు అన్నా వాడు నొక్కేవాడు కాదు. అదే నా బాధ.

అప్పట్నుంచి నోటుబుక్కు పెట్టాను. పొద్దున్నే పక్క జిల్లాల పేజీలు, సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) హెచ్చరికలు, జిల్లా పోలీసుల పేజీ చూసి రాస్తున్నాను. ఏ తేదీన చూశాను, కళ్లారా చూసిందా విన్నదా, అధికారికంగా ఎవరైనా చెప్పారా అన్నవి తప్పకుండా రాస్తాను. సార్వా (మొదటి పంట) డబ్బు, సంక్రాంతి టికెట్లు, కిసాన్ విడత, దాళ్వా డబ్బు... ఇవి వచ్చే ముందే మోసం కొత్త వేషంలో దిగుతోందని నాకనిపిస్తోంది. మీరు ఎక్కడెక్కడ చూస్తున్నారో చెప్పండి. మోసపోయినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాయొద్దు.

కౌంటర్_వెనక

నేను ఒక చిన్న సహకార బ్యాంకులో పనిచేస్తాను. 2024 జూలై 31, బుధవారం. సాయంత్రానికి యూపీఐ కదల్లేదు. బ్యాంకు మునిగిపోయిందంటూ గేటు దగ్గర జనం. మాకూ పైనుంచి సమాచారం లేదు. నేను యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ప్రకటన వెతికి పట్టుకుని చదివి వినిపించాను. సహకార, గ్రామీణ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ నడిపే ఒక సంస్థ మీద ర్యాన్సమ్‌వేర్ (కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగిందని, మిగతావాళ్లకి పాకకుండా దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీశారని అందులో ఉంది. దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకులకి ఇదే పరిస్థితి అని వార్తలొచ్చాయి. మర్నాడు మళ్లీ కలిపారు. డబ్బు ఎక్కడికీ పోలేదని తెలిశాక జనం ఇళ్లకి వెళ్లారు.

ఆ రోజు మా బ్యాంకు వెబ్‌సైట్లో ఒక్క ముక్క లేదు. అందుకే అంటున్నాను, మీ బ్యాంకు వెనక ఎవరి సాఫ్ట్‌వేరు నడుస్తోందో తెలుసుకోండి. పాత టెండరు నోటీసుల్లో, వార్షిక నివేదికల్లో చాలాసార్లు దొరుకుతుంది. ఆ పేరుతో వార్తలు చూస్తూ ఉంటే మేనేజరు గారికంటే ముందు మీకే తెలియొచ్చు.

వశిష్ఠ_ఒడ్డు

నాదొక అనుభవం. ఇది సైబర్ ప్రమాదం కాదనేవాళ్లు ఉంటారేమో, నాకు మాత్రం ముమ్మాటికీ అదే. 2022 మే 24న అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి దగ్గర్నుంచి హైదరాబాదు కంపెనీకి పనిచేసేవాణ్ణి. రోజూ రావులపాలెం వంతెన దాటి సిద్ధాంతం వెళ్లి, ఓ టీకొట్టు బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకున్నాను. నెట్ ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. క్లౌడ్‌ఫ్లేర్ రాడార్ లాంటి పేజీల్లో ఒక ప్రాంతంలో నెట్ రాకపోకలు తగ్గితే గీత పడిపోవడం కనపడుతుంది. కానీ నెట్ లేనివాడికి ఆ గీత ఎలా కనపడుతుంది! కాబట్టి జిల్లా బయట ఒకళ్లని మాట్లాడి పెట్టుకోండి. మా బావగారు తణుకు నుంచి రోజూ మామూలు ఎస్సెమ్మెస్ పెట్టేవారు. నెట్ ఆపే ఉత్తర్వుల్ని జనానికి తెలిసేలా ప్రకటించాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అది అడిగే హక్కు మనకుంది, అడగాలి.

మాస్టారు_రిటైర్డ్

బాబూ కాలువగట్టు, నీ నోటుబుక్కు మాట బాగుంది. అయితే సర్ట్-ఇన్ హెచ్చరికలు మా ఈడువాళ్లకి అర్థం కావు. అవి ఎక్కువగా కంప్యూటర్లు నడిపేవాళ్ల కోసం రాసినవి. మాకు కావలసింది నీలాంటివాడు తెలుగులో రెండు ముక్కలు చెప్పడం.

పుకార్లు కూడా నీ పుస్తకంలో ఎక్కించు. 2022 జూలై వరదల్లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు "గట్టు తెగింది" అంటూ మా గ్రూపులో వాయిస్ మెసేజి తిరిగింది. 1986 వరద చూసినవాళ్లం, ఆ మాట వింటే కాళ్లు వణుకుతాయి. ఏ గట్టో, ఏ ఊరో అందులో లేదు. బ్యారేజీ దగ్గర 10 లక్షలకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ అంకెలు గోడ మీద రాసుకుని, విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటనతో పోల్చి చూడమని మా వీధిలో చెప్పాను.

రొయ్యల_రాత్రులు (భీమవరం)

మా రొయ్యల చెరువులకి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే మోటార్లు) మొబైల్ స్టార్టర్ మీద నడుస్తాయి. డబ్బాలో సిమ్ ఉంటుంది, ఫోన్ చేస్తే మోటారు ఆన్. బిగించినాయన పాస్‌వర్డ్ 1234 పెట్టి వెళ్లాడు. నాలుగు చెరువులకీ అదే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉండే వేళ ఎవడైనా ఆపేస్తే పంట మొత్తం పోతుంది. ఇప్పుడు మార్చాం, మా నంబర్లకి తప్ప పలకకుండా పెట్టించాం. ఇలా బయటికి తెరిచి ఉన్న పరికరాల్ని వెతికే సైట్లు ఉన్నాయట కదండీ, మన ప్రాంతంలో ఎన్నున్నాయో అందులో చూసి చెప్పొచ్చా?

కాలువగట్టు

అన్నయ్యా, జాబితా చూడటం వరకే. పక్కవాడి డబ్బా తెరుచుకుంటుందో లేదో మనం ప్రయత్నించామంటే ఐటీ చట్టం కింద మనమే దోషులం. మంచికే చేశామన్నా కుదరదు. ఆ జాబితా కూడా ఇక్కడ పెట్టొద్దు, దొంగకి దారి చూపినట్టవుతుంది. మీ పాస్‌వర్డ్ సంగతి రైతుల మీటింగులో చెప్పండి, అది చాలా ఉపయోగం.

లంక_ఆడపడుచు

వేలిముద్రల సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద వేలిముద్రల్ని సిలికాన్‌తో అచ్చు తీసి, ఆధార్ చెల్లింపుల మిషన్ మీద పెట్టి డబ్బు లాగిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్నారు. దీనికి ఓటీపీ కూడా అక్కర్లేదు. పేపర్లో చదివి మా అమ్మ ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్ పెట్టాను. తర్వాతి నెల రేషన్ దగ్గర వేలిముద్ర పడలేదు. ఎండలో రెండుసార్లు తిరిగింది పాపం. లాక్ ఉంటే రేషన్ మిషన్ కూడా తీసుకోదని నాకు తట్టలేదు. ఇప్పుడు రేషన్ రోజు నేనే ఫోన్లో కాసేపు తెరిచి, మళ్లీ వేస్తున్నాను. మొబైల్ నంబరు ఆధార్‌కి జతకాని పెద్దవాళ్లకి అదీ కుదరదు. మా పిన్నికి బ్యాంకులో కాగితం రాసిచ్చి ఆ ఖాతా మీద ఆధార్ చెల్లింపులు ఆపించాం. నాకు తెలిసి ఆవిడ లాంటివాళ్లకి అదే నయం.

ఇంకో మాట. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమని పిల్లల్ని కంబోడియా పంపి, మోసాల ఫోన్లు చేయిస్తున్న ముఠా సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు మన కోనసీమలో ఇంటికొకరు. ఏజెంటు పేరు ప్రభుత్వం వారి ఈమైగ్రేట్ సైట్లో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి.

కౌంటర్_వెనక

డబ్బు పోయినవాళ్లు ముందు మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. దారిలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగితేనే దక్కుతుంది, గంట గంటకీ తేడా ఉంటుంది.

వశిష్ఠ_ఒడ్డు

ఇదిగో, ఈ పొద్దున్న రాజోలు వైపు ఒక గ్రూపులో అన్నదాత సుఖీభవ పేరుతో ఏపీకే పడింది. నేను కళ్లారా చూశాను, నొక్కలేదు.

మాస్టారు_రిటైర్డ్

మా గ్రూపులోనూ 7 గంటలకి వచ్చింది. నేనూ చూశాను.

కాలువగట్టు

రెండు చోట్ల, కళ్లారా, అధికారిక ప్రకటన ఇంకా లేదు. రాసుకున్నాను. టెలికాం శాఖ సంచార్ సాథీ సైట్లో, అనుమానపు మెసేజీల మీద ఫిర్యాదు తీసుకునే చక్షు దగ్గర ఫిర్యాదు పెట్టాను, మీరూ పెట్టండి. మాస్టారూ, మీ మాటల్లో రెండు ముక్కలు రికార్డు చేసి పంపుతారా? సాయంత్రం మైకులో వేయిస్తాను.