టర్బోనా, టర్బో లేని ఇంజనా: నడిపే సరదా దేనిలో?

తణుకు టర్బో:
టర్బో లేని హోండా సిటీ అమ్మేసి, టర్బో ఉన్న ఫోక్స్‌వాగన్ వర్టస్ 1.5 టీఎస్‌ఐ తీసుకుని ఏడు నెలలైంది. సిటీ టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, 145 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు), అదీ 4300 ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర. దీనికి 250, 1600 నుంచే. కొబ్బరికాయల లారీని దాటాలంటే గేరు తగ్గించక్కర్లేదు, యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు. ఇంకా టర్బో లేని ఇంజనే సరదా అనేవాళ్లు ఏం చూసి అంటున్నారండీ?

రాజోలు వీటెక్:
నేను అంటున్నాను కాబట్టి నేనే చెబుతాను తమ్ముడూ. నువ్వు అమ్మేసిన సిటీలాంటిదే నాది, మాన్యువల్. వేగంలో నీ బండి ముందు నిలవదు, అందులో వాదన లేదు. కానీ వేగం వేరు, నడిపే సరదా వేరు.

టర్బోలో ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది. నువ్వు కాలు నొక్కాక ముందు పొగ పెరగాలి, చక్రం అందుకోవాలి, ఆ తర్వాతే బలం. ఈ ఆలస్యం ఇప్పటి కార్లలో బాగా తగ్గింది. తగ్గిందే కానీ పోలేదు.

నరసాపురం రేవులో మా బావమరిది టర్బో కారుని నేనే పంటు (బళ్లని ఏరు దాటించే పడవ) ఎక్కించాను. వాలు దిగి ముందు చక్రాలు పంటు రేకు మీదికి ఎక్కాలి. క్లచ్ సగం వదిలి కాలు ఆనించాను, కదల్లేదు. ఇంకాస్త ఆనించాను, ఒక్కసారి ముందుకు దూకింది. ఎదురుగా రెండు గజాల్లో మోటార్‌సైకిళ్లు, వాటి పక్కన చంటిపిల్లతో ఒకావిడ. చెమటలు పట్టాయి. నా సిటీతో అదే రేకు ఎన్నోసార్లు ఎక్కాను. బొటనవేలు ఎంత కదిలితే బండి అంత కదులుతుంది.

పెద్ద కార్లు చేసేవాళ్లకీ ఈ తేడా తెలుసు. 2015లో ఫెరారీ టర్బో లేని 4.5 లీటర్ల ఇంజనున్న 458 కారు స్థానంలో 3.9 లీటర్ల ట్విన్ టర్బో (రెండు టర్బోల) ఇంజనుతో 488 తెచ్చింది. పవర్ 570 హార్స్ పవర్ నుంచి 670కి పెరిగింది. అయినా పూర్తి 760 ఎన్‌ఎం టాప్ గేరులోనే ఇచ్చింది. కింది గేర్లలో టార్క్‌ని కంప్యూటరే అదుపు చేస్తుంది, టర్బో లేని ఇంజన్లలా ఆర్పీఎంతో పాటు బలం పెరుగుతున్నట్టు ఉండాలని. అదే ఏడాది పోర్షా 911 కరెరాకి టర్బో పెట్టింది, అదే 911లో జీటీ3 రకానికి మాత్రం 9000 ఆర్పీఎం దాకా తిరిగే టర్బో లేని ఇంజనే ఉంచింది.

తణుకు టర్బో:
రేవు దగ్గర జరిగింది క్లచ్ అలవాటు లేక అన్నయ్యా. నాలుగు రోజులు నడిపితే సర్దుకునేది. ఫెరారీ సంగతి సరే, మీ 121 హార్స్ పవర్ వచ్చేది 6600 దగ్గర కదా. కాలవ గట్టు మీద సగం రోడ్డు ధాన్యం ఆరబోసి, రెండో పక్క నీళ్లుంటే అక్కడిదాకా ఎప్పుడు తిప్పుతారు? వాడుకోలేని బలం ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

రాజోలు వీటెక్:
క్లచ్ అలవాటు మాట కొంత నిజమే. 6600 దాకా గట్టు మీద తిప్పను, తిప్పకూడదు కూడా. నాకు కావలసింది ఆ చివరి అంకె కాదు. మారేడుమిల్లి ఘాట్‌లో రెండో గేరు వేసి మలుపు సగంలో ఉండగానే కాలు కొద్దికొద్దిగా ఆనిస్తూ వస్తాను. బలం కూడా అలాగే కొద్దికొద్దిగా వస్తుంది, ముందు చక్రాలు గీత తప్పవు. 4000 దాటాక ఇంజను గొంతు మారుతుంది. టర్బోలో పొగ దారికి ఆ చక్రం అడ్డం కాబట్టి ఆ గొంతు సగం అక్కడే ఆగిపోతుంది.

ఇక లారీ సంగతి. నాలుగు నుంచి మూడుకి దించి, దించేటప్పుడు ఆర్పీఎం కొత్త గేరుకి కలిసేలా యాక్సిలరేటర్‌ని కాలితో ఒకసారి తట్టి, అప్పుడు దాటతాను. అక్కర్లేదని నువ్వు సంతోషిస్తున్న ఆ గేరు మార్పు కోసమే నేను ఈ బండి ఉంచుకున్నాను. పక్కన అమ్మ కూర్చుంటే మాత్రం నీ బండే నయం. కుదుపు, రొద లేకుండా దాటేస్తుంది.