టూసాన్ పాత పేటలు: ఉంచాలా, కొత్త ఇళ్ళకు చోటివ్వాలా?

ఎడారిగాలి

అరిజోనాలో ఉంటున్న తెలుగువాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. జనాభా 75,000 దాటిన నగరాలు తమ వ్యాపార కేంద్రం నుంచి ఒక మైలు లోపల, ఇప్పటిదాకా ఒంటి కుటుంబానికే కేటాయించిన స్థలాల్లో కూడా రెండు నుంచి నాలుగు వాటాల ఇళ్ళు కట్టుకోనివ్వాలి. గడువు 2026 జనవరి 1. చట్టం చేసినప్పుడు చారిత్రక పేటలకు మినహాయింపు రాయలేదు. టూసాన్‌లో ఆ మైలు గీస్తే బారియో వియెహో, ఆర్మరీ పార్క్, ఎల్ ప్రెసిడియో వంటి పాత పేటలే అందులో పడతాయి.

నేను చట్టం పక్షం. 1950లో ఈ ఊరి జనాభా 45,454. 2020 లెక్కల్లో 5,42,629. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళకు నడిబొడ్డున చోటు లేదంటే సవారో కాక్టస్‌లు పెరికి ఎడారిలోకి ఇంకో పది మైళ్ళు రోడ్డు వేయాలి, నీళ్ళ గొట్టాలు లాగాలి. దాదాపు 20 కోట్ల డాలర్లు పోసి 2014లో 3.9 మైళ్ళ ట్రామ్ నడిపారు. దాని పక్కన జనం కాపురం ఉండకూడదంటే ఆ పట్టాలు ఎవరికోసం వేసినట్టు?

పాతబజారు

ఈ ఊరు ఈ వాదన ఒకసారి వినే ఉంది, ఎడారిగాలి గారూ. 1966 మార్చిలో ఓటింగ్ పెట్టి మరీ ఒప్పించారు. నగర కేంద్రం పాడుబడింది, మురికివాడ అయింది, తీసేస్తే అభివృద్ధి వస్తుందన్నారు. 1960ల చివర దాదాపు 80 ఎకరాలు నేలమట్టం చేశారు. అక్కడ ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్నవాళ్ళు. వాళ్ళ పక్కనే చైనీయుల కిరాణా కొట్లు, నల్లజాతివాళ్ళ ఇళ్ళు. వెయ్యిమందికి పైగా చెల్లాచెదురయ్యారు. ఆ స్థలంలో 1971లో కన్వెన్షన్ సెంటర్ తెరిచారు.

అభివృద్ధి వచ్చిందా అంటే, 1960లోనే ఊరికి తూర్పున ఎల్ కాన్ షాపింగ్ సెంటర్ తెరిచారు, బేరాలు అటు వెళ్ళిపోయాయి. నగర కేంద్రానికి పెద్ద దిక్కుగా ఉన్న హాకొమే డిపార్ట్‌మెంట్ స్టోర్ 1980లో మూతపడింది. అంటే ఇళ్ళు తీసేసినా అంగళ్ళు నిలవలేదు.

ఒక విచిత్రం చెప్పి ఆపుతాను. ఆ కన్వెన్షన్ సెంటర్ ముందు గారెట్ ఎక్బో అనే ప్రసిద్ధ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ రూపొందించిన ఫౌంటెన్లు, తోటలు ఉన్నాయి. ఇప్పుడు అవి జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టరులో ఉన్నాయి. పేటను కూల్చి కట్టినదానికి చారిత్రక హోదా దక్కింది, కూలిన పేటకు మ్యూజియంలో ఫోటోలు మిగిలాయి.

లెక్కలపద్దు

పాతబజారు గారూ, రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టకండి. 1966 ఓటింగ్ తర్వాత ప్రభుత్వమే తన అధికారంతో భూములు తీసుకుంది, జనాన్ని ఖాళీ చేయించింది. 2024 చట్టం ఎవరి ఇల్లూ కూల్చమనదు. యజమాని ఇష్టపడితే ఇంకో మూడు వాటాలు కట్టుకోవచ్చంటుంది, అంతే.

ఇంకోటి. 2006లో ఈ రాష్ట్ర ఓటర్లు ప్రతిపాదన 207 ఆమోదించారు. నగరం కొత్త నిబంధన పెట్టి స్థలం విలువ తగ్గిస్తే యజమాని నష్టపరిహారం అడగవచ్చు. అందుకే అప్పటినుంచి కొత్త చారిత్రక పేటను ప్రకటించాలంటే పరిహారం అడగబోమని యజమానులతో ముందే సంతకాలు తీసుకుంటున్నారు. ఆ సంతకం పెట్టనివాడిని ఏం చేస్తారు? ‘కాపాడాలి’ అనడం తేలిక. పరిహారం ఎవరి జేబులోంచి?

మట్టిమిద్దె

మాది కర్నూలు జిల్లా, మట్టి మిద్దెలో పెరిగాను. చదువుకోసం టూసాన్ వచ్చి బారియో వియెహోలో అద్దెకున్నాను. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది: ఆ ఇళ్ళు దేంతో కట్టారన్నది.

అవి పచ్చి ఇటుకలు. గోడ మందం అడుగున్నర నుంచి రెండడుగులు. పైకప్పుకు దూలాలు, వాటి మీద సవారో ఎండిన కర్రలు, ఆపైన మట్టి. వాన నీళ్ళు పోవడానికి పిట్టగోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన తూములు. సున్నమో మట్టో పూసినంత కాలం గోడలోకి ఎక్కిన చెమ్మ మళ్ళీ బయటికి పోయేది. ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు వచ్చింది. గట్టిగా ఉంటుందని అందరూ అదే పూయించారు. రోడ్డు మట్టం పెరిగి వాన నీళ్ళు గోడ మొదట్లో నిలవడం మొదలైంది. నేలలోంచి ఎక్కిన తడి సిమెంటు దాటి పోలేక లోపలే ఉండిపోతుంది. బయటినుంచి చూస్తే నిన్న రంగు వేసినట్టు ఉంటుంది, వేలితో కొడితే డొల్ల మోత. పూత పెచ్చు ఒకటి ఊడదీస్తే వెనక పిండిలా రాలిన మట్టి. గోడ అడుగున మూరెడు ఎత్తున లోపలికి తినేసి ఉంటుంది. జూలైలో వర్షాలు పడినప్పుడు కూలేవి ఇలాంటివే.

చేయాల్సినది తెలియనిది కాదు. సిమెంటు తీసి, తిన్నచోట కొత్త పచ్చి ఇటుక పెట్టి, సున్నం పూసి, నీళ్ళు గోడనుంచి దూరంగా పారేలా నేల వాలు సరిచేయాలి. ఇది తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలి ఎక్కువ. పునరుద్ధరణ ఖర్చుపై ఫెడరల్ ప్రభుత్వం 20 శాతం పన్ను రాయితీ ఇస్తుంది కానీ అది ఆదాయం తెచ్చే భవనాలకే. సొంత ఇంట్లో ఉండే ముసలమ్మకు రాదు. కాబట్టి ఆమె అమ్ముకుంటుంది, డబ్బున్నవాడు కొని నీలం, నారింజ రంగులు వేయిస్తాడు. పేట ఫోటోల్లో అద్భుతంగా ఉంటుంది, పేటవాళ్ళే ఉండరు. చారిత్రక సంరక్షణ పేరు చెప్పేవాళ్ళు దీనికి జవాబివ్వాలి.

ఎడారిగాలి

మట్టిమిద్దె గారు చెప్పింది నా వాదనకే బలం. ముసలమ్మ తన పెరట్లో రెండు వాటాలు కట్టి అద్దెకిచ్చుకుంటే ఆ మేస్త్రీ కూలి వస్తుంది, ఆమె అక్కడే ఉంటుంది. వద్దంటున్నది ఎవరు? పొరుగున రంగులు వేయించుకున్న ఆ కొత్త యజమానులే.

పాతబజారు

అందరూ కొత్త యజమానులు కారు. ‘ఎల్ తిరాదితో’ అనే మొక్కుల గోడ దగ్గరికి ఒకసారి వెళ్ళి చూడండి. మెయిన్ అవెన్యూలో కొవ్వొత్తుల మసితో నల్లబడిన చిన్న మట్టి గోడ. రాత్రంతా కొవ్వొత్తి ఆరకుండా వెలిగితే కోరిక తీరుతుందని నమ్మకం. పేట మీదుగా పెద్ద రహదారి వేయబోతే అక్కడివాళ్ళు పట్టుబట్టి ఆ గోడను 1971లో జాతీయ రిజిస్టరులో చేర్పించారు. రహదారి ఆగింది. చారిత్రక హోదా డబ్బున్నవాళ్ళ సరదా మాత్రమే అయితే, ఆ రోజు దాన్ని వాడుకున్న పేదల మాటేమిటి?

నీడపట్టు

నేను భవన నమూనాల పనిలో ఉన్నాను. మీరంతా ‘పాత పేట అంటే ఇళ్ళు పలచన, కొత్తది అంటే ఇళ్ళు చిక్కన’ అనుకుని మాట్లాడుతున్నారు. బారియో వియెహోలో ఇళ్ళు వీధి అంచునే మొదలవుతాయి. ముందు గజం ఖాళీ ఉండదు. గోడకు గోడ ఆనుకుని వరుసగా ఉంటాయి, వెనక ఉమ్మడి పెరడు. మధ్యాహ్నం మూడింటికి పడమటి వరుస నీడలో నడవవచ్చు. 1880లో రైలు వచ్చాక తూర్పు రాష్ట్రాల పద్ధతిలో ముందు తోట, చుట్టూ ఖాళీ వదిలే ఇళ్ళు మొదలయ్యాయి. తర్వాతి కాలపు నిబంధనలు ఆ ఖాళీనే తప్పనిసరి చేశాయి, దానికి తోడు కార్లకు చోటు. పాత వరుస ఇంటిని మామూలు శివారు నిబంధనల కింద ఈరోజు కడితే అనుమతి రాదు.

అంటే మనకు కావలసిన చిక్కదనం ఆ పేటలోనే ఉంది. దాన్ని చెరపనవసరం లేదు, దాని కొలతలు తీసుకుని పక్కన కట్టాలి. పక్కన అంటే ఎక్కడ? కన్వెన్షన్ సెంటర్ చుట్టూ ఎన్ని ఎకరాలు తారు పోసి కార్లకు వదిలేశారో చూడండి. అదంతా 1960ల్లో ఇళ్ళు తీసేసిన నేల. ముందు అక్కడ కట్టండి.

లెక్కలపద్దు

బాగానే ఉంది, కానీ ఆ తారు నేలకు యజమాని నాలుగు వాటాల ఇల్లు కట్టుకునే ముసలమ్మ కాదు. పార్కింగ్ రుసుము రోజూ వస్తుంటే ఏ సంస్థా అమ్మదు. 1999లో ఓటర్లు ఆమోదించిన రియో న్యువో పథకం కూడా నగర కేంద్రం కోసమే వచ్చింది. పదేళ్ళకు పనులకన్నా ఖర్చే ఎక్కువ కనబడిందని రాష్ట్ర శాసనసభ దాన్ని నగరం చేతిలోంచి లాక్కుంది. మీరు ‘ముందు అక్కడ’ అంటే ఇంకో ఇరవై ఏళ్ళు ఎక్కడా కట్టవద్దని అర్థం.

నీడపట్టు

ప్రైవేటు స్థలాల సంగతి వేరు. నగరం సొంత పార్కింగ్ స్థలాలను అడ్డుకుంటున్నది ఎవరు? వాటిమీద ప్రతిపాదన 207 కింద పరిహారం అడిగేవాడు కూడా ఉండడు. ఇక పెరట్లో కట్టే వాటాలకు రెండే షరతులు పెట్టాలి: వీధి వైపు గోడ ముట్టుకోకూడదు, పాత గోడ మొదట్లోకి కొత్త కప్పు నీళ్ళు వదలకూడదు.

మట్టిమిద్దె

రెండో షరతు ఒక్కటి రాయించినా నేను సంతకం పెడతాను. సిమెంటు పూత నిషేధం కూడా చేర్చండి.