మొంథా తుపాను వస్తోంది, నాన్న దీవి దాటి రానంటున్నారు. ఎలా ఒప్పించాలి?

దీవి_అమ్మాయి
27 అక్టోబరు 2025, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. మాది కృష్ణా జిల్లా నాగాయలంక మండలం, ఎదురుమొండి దీవుల్లో ఒక చిన్న ఊరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మా నాన్నా అక్కడే ఉంటారు. నాన్నకు 62 ఏళ్లు, ఇప్పటికీ వేటకు వెళతారు. ఫైబరు పడవ, దాని ఇంజను, వలలు, రెండు గేదెలు, ఇదే మా ఆస్తి.

ఈ తెల్లవారుజామున వాయుగుండం తుపానుగా మారిందని చెప్పారు. రేపు సాయంత్రమో రాత్రో కాకినాడ చుట్టుపక్కల తీవ్ర తుపానుగా తీరం దాటుతుందట. ఊళ్లో నిన్నటి నుంచి మైకులో చెబుతున్నారు, అందరూ పంటు (మనుషుల్ని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి, అవతలి ఒడ్డున ఏటిమొగ రేవులో దిగి, నాగాయలంకలో ఏర్పాటు చేసిన కేంద్రానికి వెళ్లాలని. మా వీధిలో సగం మంది వెళ్లిపోయారు. నాన్న మాత్రం కదలడం లేదు. ఆయన రానిదే అమ్మ రాదు.

ఆయన చెప్పే కారణాలు మూడు. కాకినాడ ఎక్కడ, మనమెక్కడ అంటారు. దీపావళి అమావాస్య వెళ్లి వారం అవుతోంది, పోటు తగ్గే రోజులు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అంటారు. పోయినసారి ఇలాగే అందరం వెళ్లి రెండు రాత్రులు నేల మీద పడుకున్నాం, ఇక్కడ ఒక కొమ్మ కూడా విరగలేదు అంటారు. నిన్న రాత్రి నేను గట్టిగా మాట్లాడితే, "సముద్రం గురించి నాకు చెప్పేదానివి అయ్యావా" అని ఫోను పెట్టేశారు. నాకు నిద్ర పట్టలేదు. సముద్రం గురించి ఆయన కంటే నాకు ఎక్కువ తెలియదన్నది నిజమే. ఏం చెబితే వింటారు? ఇలాంటి పెద్దవాళ్లను ఒప్పించిన వాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మబ్బుల_లెక్క
27 అక్టోబరు, ఉదయం 8.25

నేను వాతావరణ శాస్త్రం చదువుకున్నాను, తెలిసినంత చెబుతాను. మీ నాన్నగారి మొదటి మాటలో కొంత నిజం ఉంది. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు తీరంలో తుపాను దాటే చోటుకు కుడి పక్కన, అంటే ఉత్తరం వైపు, గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి కొడుతుంది. ఉప్పెన వచ్చేది ప్రధానంగా ఆ పక్కనే. ఎడమ పక్కన గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. కాకినాడ దగ్గరే దాటితే దివిసీమ ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ఉప్పెన భయం తక్కువ.

అయితే "కాకినాడ చుట్టుపక్కల" అన్న మాటను మ్యాపు మీద పెట్టిన చుక్కలా చూడకూడదు. హెచ్చరికలో మచిలీపట్నం నుంచి కళింగపట్నం దాకా చెబుతున్నారు. చివరి పూటలో దారి యాభై, అరవై కిలోమీటర్లు పక్కకు జరగడం మామూలే. అది మీ వైపు జరిగితే గాలి లెక్క, నీటి లెక్క రెండూ మారిపోతాయి. పైగా తీవ్ర తుపాను అంటే గంటకు 90 నుంచి 110 కిలోమీటర్ల గాలి. అందులో పంటు నడపరు. అప్పుడు రావాలనుకున్నా దారి ఉండదు. దీవిలో ఉన్నవాళ్లకు అన్నిటికంటే పెద్ద సమస్య అదే అనుకుంటున్నాను.

విశ్రాంత_మాస్టారు
27 అక్టోబరు, ఉదయం 9.50

అమ్మా, మీ నాన్న మాటలు చదువుతుంటే మా నాన్న గొంతు వినిపించింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. వీలైతే ఇది ఫోనులో ఆయనకు చదివి వినిపించు.

మాది కోడూరు దగ్గర ఊరు. సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్లు. 1977లో నేను పదో తరగతి. నవంబరు 19, శనివారం. ముందు రోజు రాత్రి నుంచే ఈదురుగాలి. రేడియోలో తుపాను అన్నారు. మాకు తుపాను కొత్త కాదు. తాటాకు ఇల్లు లేచిపోతే మళ్లీ నేసుకుంటాం, వరి పడిపోతే పడిన చేనే కోసుకుంటాం. మాకు తెలిసిన తుపాను అంతే. అది గాలి. నీళ్లు వస్తాయని మా ఊళ్లో ఒక్కరికి కూడా తట్టలేదు.

మధ్యాహ్నం దాటాక నాన్న నన్ను చేలో నీళ్లు ఎంత నిలిచాయో చూసి రమ్మన్నారు. మా చేను పక్కనే మురుగు కాలువ. వానాకాలమంతా అది సముద్రం వైపు పారుతుంది. పుట్టినప్పటి నుంచి అటు పారడమే చూశాను. ఆ రోజు అది ఎదురు పారుతోంది. నురగ, పీతలు, ఎక్కడిదో తెగిన వల ముక్క, అన్నీ ఊరి వైపు వస్తున్నాయి. వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకున్నాను. ఉప్పు. ఇంటికి పరుగెత్తి చెప్పాను. నాన్న నమ్మలేదు. "వాన నీళ్లురా" అన్నారు. నేను ఆయన చేతికి నా తడి చెయ్యి అందించాను, నాకి చూడమని. ఆయన నాకారు. ఆ క్షణంలో ఆయన ముఖం ఎలా మారిందో నాకు ఈ రోజుకూ గుర్తుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మా పెరట్లో పెద్ద చింతచెట్టు ఉండేది. నాన్న అమ్మను, తమ్ముణ్ని, నన్ను ఎక్కించారు. నాయనమ్మను ఎక్కించడానికి తిరిగి దిగారు. నీళ్లు మొదట మోకాళ్ల దాకా వచ్చాయి, వెంటనే నడుముకు, ఆ తరువాత ఇక కొలత లేదు. నాన్న ఒక్కరే కొమ్మ అందుకుని పైకి వచ్చారు. నాయనమ్మ రాలేదు.

కొట్టంలో మాకు మూడు గేదెలు. వాటిని విప్పాలని ఎవరికీ గుర్తు రాలేదు. చెట్టు మీద నుంచి చూస్తే రెండు పలుపులు బిగిసి ఉన్నాయి. గేదెలు ఈదగలవమ్మా, నీళ్లంటే వాటికి భయం లేదు. కానీ పలుపు ఎంత పొడవుంటే అంతవరకే వాటి తల లేచింది. ఆ రెండు పలుపులు కట్టుకొయ్య దగ్గర నుంచి తిన్నగా, నిటారుగా, తీగలాగా నిలబడ్డాయి. కాసేపటికి వదులయ్యాయి. మూడో గేదె పలుపు పాతది, తెగింది. అది కొట్టుకుపోయింది కానీ బతికి ఇంటికి వచ్చింది.

ఇక మీ నాన్న చెప్పిన మాటలకు వస్తాను. చీరాల దగ్గర తీరం దాటింది ఆ తుపాను. చీరాల ఎక్కడ, దివిసీమ ఎక్కడ? దాదాపు 80 కిలోమీటర్లు. మమ్మల్ని ముంచింది ఆ తుపానే. పైన మబ్బుల_లెక్క రాసిన కుడి పక్క అంటే అదే, చీరాలకు మేము కుడి పక్కన ఉన్నాం. నీళ్లు దాదాపు 5 మీటర్లు లేచాయని తరువాత పుస్తకాల్లో చదివాను. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి, ఈ ఊళ్ల పేర్లు మీ నాన్నకు నేను చెప్పనక్కర లేదు. చనిపోయిన వాళ్లు ప్రభుత్వం లెక్కలోనే పదివేల మంది. మా లెక్కలో ఇంకా ఎక్కువ.

పోటు సంగతి ప్రత్యేకంగా చెప్పు ఆయనకు. సముద్రం మీద బతికే మనిషి కాబట్టి ఇది ఆయనకు నీ కంటే, నా కంటే బాగా అర్థమవుతుంది. 1977 నవంబరు 19 కూడా కార్తీక మాసమే. అప్పుడు కూడా దీపావళి వెళ్లి వారం దాటింది, పోటు తక్కువ రోజులే. చంద్రుడు లేపే నీళ్లు వేరు, గాలి తోసుకొచ్చే నీళ్లు వేరు. ఆ రోజు పంచాంగం మమ్మల్ని కాపాడలేదు.

మూడో మాట, పోయినసారి ఏమీ కాలేదని. అది నిజం. ఈసారి కూడా ఏమీ కాకపోవచ్చు. రెండు రాత్రులు నేల మీద పడుకోవడం కష్టమే, నడుము నొప్పి పుడుతుంది. మా నాన్న ఆ తరువాత ఇరవై రెండేళ్లు బతికారు. వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, కొడవలి పట్టుకుని ముందు కొట్టంలోకి వెళ్లేవారు. ఎన్నోసార్లు ఊరికే కోశారు. ఎంత పలుపు దండగైందో. మా అమ్మ ఏ రోజూ ఒక్క మాట అనలేదు.

నువ్వు ఆయనతో సముద్రం గురించి వాదించకు. అక్కడ నువ్వు గెలవలేవు, గెలిస్తే ఆయన మనసు కష్టపడుతుంది. మీ అమ్మ గురించి అడుగు. "నాన్నా, అమ్మను నాగాయలంక చేర్చి రా, ఒక్కతే పంటు ఎక్కలేదు, మందులు అయిపోయాయి" అను. ఆయన దాటి వచ్చాక తిరిగి వెళ్లే పంటు ఉంటుందో ఉండదో గాలి చూసుకుంటుంది. గేదెలను విప్పి వదలమను. ఇది ఒక్కటి మాత్రం నా మాటగా చెప్పు.

బలుసుతిప్ప_వాడు
27 అక్టోబరు, ఉదయం 10.30

అక్కా, మాది కోనసీమ, గోదావరి సముద్రంలో కలిసే చోటు. మాస్టారు గారు మనుషుల గురించి చెప్పారు, నేను పడవ గురించి చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారు ఉండిపోతోంది పడవ కోసమే. పైకి ఆ మాట చెప్పరు. మాలో ఎవరూ చెప్పరు.

1996 నవంబరు 6న మా మేనమామ వేటలో ఉండిపోయారు. ఆ తుపానులో మా ఊరు, పక్కన భైరవపాలెం, ఎన్ని ఇళ్లలో మగవాళ్లు తిరిగి రాలేదో చెప్పలేను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ నెల రోజులు సాయంత్రమైతే రేవుకు వెళ్లి నిలబడేది.

ఇప్పుడు మేము చేసేది ఇది. ఇంజను విప్పి ఒడ్డుకు తెచ్చి ఎత్తైన చోట పెడతాం, వీలుంటే మాతోపాటు తీసుకెళతాం. పడవను రేవులో వదలం, మడ అడవిలోకి వెళ్లే సన్న కాలువలోకి లాగుతాం. ఒక్క మోకుతో కాదు, నాలుగైదు మోకులతో, అటూ ఇటూ మడ చెట్లకు కడతాం. బిగించి కట్టకూడదు. నీళ్లు లేచినప్పుడు పడవ కూడా లేవాలి, ఆ మేరకు మోకు వదులుగా ఉండాలి. మాస్టారు గారి గేదెల పలుపు చదివి నాకు ఒళ్లు జలదరించింది, పడవకు కూడా అదే జరుగుతుంది. బిగించి కడితే ఉన్న చోటే మునుగుతుంది.

ఇదంతా రెండు గంటల పని. ఇద్దరు మనుషులు కావాలి. మీ వీధిలో ఇంకా ఉన్న కుర్రాళ్లెవరికైనా మీరే ఫోను చేసి పంపండి. పడవ భద్రంగా ఉందని కళ్లారా చూశాక ఆయన కాళ్లు కదులుతాయి. కాగితాలు, పాసుపుస్తకం, పడవ లైసెన్సు, మందులు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి అమ్మగారి దగ్గర పెట్టమనండి. తాగే నీళ్లు క్యాన్లలో నింపుకోమనండి. ఉప్పు నీరు ఒకసారి ఎక్కితే బోరు నీళ్లు నోట్లో పెట్టలేం.

దీవి_అమ్మాయి
27 అక్టోబరు, సాయంత్రం 6.15

మాస్టారూ, మీరు రాసింది మొత్తం నాన్నకు చదివి వినిపించాను. గేదెల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది, ఆగిపోయాను. నాన్న "చదువు" అన్నారు. మొత్తం అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "దీపావళి సంగతి నిజమేనా, ఆ ఏడు కూడా అంతేనా" అని ఒక్క మాట అడిగారు. నిజమే అన్నాను.

బలుసుతిప్ప తమ్ముడూ, మా చిన్నాన్న కొడుకులు ఇద్దరూ వెళ్లి నాన్నతో కలిసి పడవను మడల్లోకి లాగారు. ఇంజను ఇద్దరూ మోసుకొచ్చారు. మధ్యాహ్నం మూడున్నరకు పంటు ఎక్కారు. అప్పటికే ఏటిలో కెరటాలు బాగా ఉన్నాయట, అమ్మ కళ్లు మూసుకుని కూర్చుందట. ఇప్పుడు నాగాయలంకలో ఉన్నారు. అన్నం, పప్పు పెట్టారని చెప్పింది. గేదెలను విప్పేసి వచ్చారు.

దీవి_అమ్మాయి
29 అక్టోబరు, ఉదయం 8.05

నిన్న రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. కాకినాడ అనుకున్నది మా వైపే జరిగింది. రాత్రంతా గాలి అరిచిందని అమ్మ చెప్పింది. కేంద్రం పక్కనే రెండు పెద్ద చెట్లు పడ్డాయట. ఉప్పెన మాత్రం మా వైపు రాలేదు. దీవిలో ఉండిపోయిన ఒకరిద్దరు ఫోనులో దొరికారు, మా వంటింటి పైకప్పు రేకులు లేచిపోయాయని, పడవ మడల్లోనే ఉందని చెప్పారు. గేదెల్లో ఒకటి గట్టు మీద కనబడిందట, రెండోది కనబడలేదు.

పంటు ఇంకా వెయ్యలేదు. నాన్న తెల్లవారుజాము నుంచి ఏటిమొగ రేవులో నిలబడి ఉన్నారు. ఇందాక ఫోను చేసి, "ఆ మాస్టారు గారిని ఒక సంగతి అడుగు, వాళ్ల మూడో గేదె ఎన్ని రోజులకు తిరిగి వచ్చింది" అన్నారు.

విశ్రాంత_మాస్టారు
29 అక్టోబరు, ఉదయం 8.20

నాలుగో రోజు పొద్దున్న, అమ్మా. మెడలో పలుపు ముక్క అలాగే ఉంది. నీరసంగా ఉంటుంది, ముందు మంచి నీళ్లు పెట్టమను. ఒక్కసారే ఎక్కువ పెట్టవద్దను.