మాడ్రిడ్ స్టడీ ట్రిప్: ప్రాడోలో ఒక్కరోజు సరిపోతుందా?

ప్రశ్న: వచ్చే నెల మా పెయింటింగ్ క్లాసును మాడ్రిడ్ తీసుకెళ్తున్నారు. ప్రాడో మ్యూజియానికి ఒక్కరోజే. అన్నీ చూడలేనేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నీ చూడాలనుకోకండి. నేను పొద్దున్నంతా గదుల వెంట పరుగెత్తాను, మధ్యాహ్నానికి ఒక్కటీ గుర్తులేదు. తర్వాత స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ‘లాస్ మెనినాస్’ (1656) దగ్గర ఆగిపోయాను. చిన్న రాకుమారి, ఆమె చెలికత్తెల చిత్రమది. పుస్తకంలో అరచేతంత బొమ్మ, ఎదురుగా మూడు మీటర్లకు పైగా ఎత్తు! దగ్గరికెళ్తే రాకుమారి గౌను విడివిడి కుంచె గీతలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే పట్టులా మెరుస్తుంది. గంటసేపు అలాగే ముందుకూ వెనక్కూ నడిచాను.

ప్రశ్న: ఫోటోలు తీసుకోవచ్చా?

జవాబు: తీయనివ్వరు. నాకదే మేలైంది. బయట బెంచీ మీద కూర్చుని గుర్తున్నంతవరకు గీశాను. ఆ పేజీ ఇప్పటికీ నా టేబుల్ ముందుంది.

మరొకరు: స్పెయిన్ చిత్రకారుడు గోయా తన ఇంటి గోడల మీద వేసుకున్న 14 ‘నల్ల చిత్రాలూ’ (చీకటి రంగుల్లో, భయం గొలిపే బొమ్మలు) అక్కడే ఉన్నాయి. వాటిని చివరికి ఉంచుకోండి. చూశాక ఇంకేదీ చూడబుద్ధి కాదు.